మంచి స్థితిలో ఒక సందేహం

గోస్తనీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి చేరిన ప్రతి పరిశోధకుడికీ స్టోర్స్ విభాగం వాళ్లు బతికున్న సందేహాన్ని ఒకదాన్ని సంతకం పెట్టించుకుని ఇస్తారు. సిద్ధాంత గ్రంథం సమర్పించే రోజున దాన్ని మంచి స్థితిలో తిరిగి అప్పజెప్పి బాకీ ఏమీ లేదని నో డ్యూస్ కాగితం తీసుకోవాలి. లైబ్రరీ పుస్తకాలకీ, హాస్టల్ బకెట్టుకీ, లేబొరేటరీ తాళంచెవికీ ఏ నియమమో దీనికీ అదే నియమం. కొత్తగా చేరినవాళ్లు మొదట్లో కాస్త తికమకపడతారు గానీ, గుర్తింపు కార్డు కోసం నిలబడాల్సిన వరస ఇంతకన్నా పెద్ద తలనొప్పి కాబట్టి దీని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడుకోరు.

సందేహం చెప్పుల డబ్బాలో వస్తుంది. డబ్బా మూతకి గాలి ఆడటానికి చిల్లులు ఉంటాయి. ఇచ్చేటప్పుడు ఉడత పిల్లంత ఉంటుంది. బూడిద రంగు ఒళ్లు, పలచటి బొచ్చు, ఎప్పుడూ నిక్కబొడుచుకునే ఉండే రెండు చెవులు. బాగా మేపితే ముంగిసంత అవుతుంది. విభాగాన్ని బట్టి జాతి మారుతుంది. భౌతికశాస్త్రం వాళ్ల సందేహాలు బరువు, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవవు. న్యాయశాస్త్రం వాళ్లవి కరుస్తాయి. తెలుగు శాఖ వాళ్లవి ముద్దుగా ఉంటాయి గానీ ఎవరు పిలిచినా వెళ్లిపోతాయి. మేనేజ్‌మెంట్ విభాగం వాళ్లు కొన్నేళ్లుగా స్టోర్స్‌కి సందేహాలు కావాలని ఇండెంటే పెట్టలేదు. తమకు అవసరం పడలేదని ఆ విభాగాధిపతి వార్షిక నివేదికలో కాస్త గర్వంగానే రాసుకున్నారు.

దీని మేత విషయంలో జాగ్రత్త అవసరం. ఎదురుగా ఊడిపడిన పూర్తి జవాబు తింటే సందేహం అక్కడికక్కడే పోతుంది. సగం జవాబులు, ఒకదానితో ఒకటి పొసగని లెక్కలు, 'అవును గానీ' అని మొదలయ్యే మాటలు పెడితే చక్కగా పెరుగుతుంది. పూర్వం పరిశోధకులు దాన్ని చంకలో పెట్టుకుని లైబ్రరీలూ ఊళ్లూ తిరిగేవాళ్లు. తిరిగి తిరిగి తెచ్చుకున్న జవాబు పక్కన తెలియనిది ఎప్పుడూ కాస్త మిగిలే ఉంటుంది కాబట్టి, గ్రంథం పూర్తయ్యేసరికి సందేహం ఒళ్లు చేసి, నిగనిగలాడుతూ స్టోర్స్‌కి చేరేది. మరుసటి ఏడు దాన్ని ఇంకొకరికి ఇచ్చేవాళ్లు.

ఏఐ వచ్చాక ఈ చాకిరీ అంతా తగ్గిపోయింది. డబ్బా మూత తీసి, సందేహాన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, అదేమిటో టైపు చేస్తే చాలు. ఏఐ ఏమాత్రం విసుక్కోకుండా ఉపశీర్షికలతో సహా పూర్తి జవాబు చెప్పేది. మొదటి పేరా వినగానే సందేహం చెవులు వాల్చేది. ఇంకాసేపటికి కాళ్లు చాపేసేది. నొప్పి కూడా ఉండదని అన్నారు. ఆ తరవాత పరిశోధకుడికి బోలెడంత ఖాళీ దొరికేది. ఆ ఖాళీలో గ్రంథం కూడా ఏఐ చేతే రాయించుకునేవాడు.

మొదట్లో విశ్వవిద్యాలయం కంగారుపడిన మాట నిజం. స్టోర్స్‌కి వరసపెట్టి చచ్చిన సందేహాలు వస్తుంటే, నిబంధనల్లో 'మంచి స్థితి' అంటే ఏమిటని న్యాయ సలహా అడిగారు. మంచి స్థితి అని ఉంది గానీ బతికుండాలని ఎక్కడా లేదని సలహాదారు తేల్చారు. పైగా చచ్చిన సందేహం బొచ్చు రాల్చదు, కరవదు, మేత అడగదు. ఆ లెక్కన బతికున్నదాని కంటే దాని స్థితే మెరుగని కూడా ఆయన రాశారు. దాంతో మెయిన్ గేటు ఎదుట ఉన్న బైండింగ్ షాపులో థీసిస్ బైండింగ్‌తో పాటు సందేహాలకు దూది కూరే పని కూడా మొదలైంది. గాజు కళ్లు పెట్టి, పొట్ట మీద విభాగం పేరు బంగారు అక్షరాలతో వేసి ఇచ్చేవాళ్లు. బీరువాల్లో వరసగా నిలబెడితే చూడటానికి ముచ్చటగా ఉండేవి. తనిఖీకి వచ్చిన పెద్దలు వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్లు.

ఏఐని బాధ్యతగా వాడాలనీ, ఆ బాధ్యత పూర్తిగా పరిశోధకుడిదేననీ ఒక సర్క్యులర్ కూడా వచ్చింది. అందరూ సంతకాలు పెట్టారు. ఆ సర్క్యులర్ ఎవరు రాశారని అడగడానికి అప్పటికి ఆఫీసులో ఎవరి దగ్గరా సందేహం లేదు.

ఇలాంటి రోజుల్లో సమాజశాస్త్ర విభాగంలో గేదెల ఇందుమతి పీహెచ్‌డీ చేస్తోంది. ఊళ్లో ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. ఏటా వేసవి రాగానే ఉద్యోగం పోయేది, వానలు పడ్డాక మళ్లీ వచ్చేది. మొత్తానికి ఒక రెగ్యులర్ పోస్టుకి ఆమె ఎంపికైంది. జూన్‌లోగా పీహెచ్‌డీ పట్టా చూపిస్తే చేర్చుకుంటామన్నారు. పరిశోధనకు ఇచ్చిన ఆఖరి గడువు మార్చితో ముగుస్తుంది. ఆలోగా గ్రంథం ఇవ్వకపోతే పట్టా లేదు, పోస్టు లేదు, వచ్చే వేసవికి మళ్లీ ఇంట్లో కూర్చోవడమే. గ్రంథం ఇవ్వాలంటే నో డ్యూస్ కావాలి. నో డ్యూస్ కావాలంటే సందేహాన్ని అప్పజెప్పాలి. ఇంతవరకూ అందరికీ ఉన్న వ్యవహారమే.

స్టోర్స్ వాళ్లు ఆమెకి ఇచ్చిన సందేహం సంతలకి సంబంధించింది. కొండకింద ఊళ్లలో వారానికోసారి సంత జరుగుతుంది కదా, అక్కడ ఉల్లిపాయలవాళ్లు అరుస్తారు, ఎండుచేపలవాళ్లు అరుస్తారు, గాజులవాళ్లు ఏకంగా పాటే కడతారు. చింతపండు పోసుకుని కూర్చున్న ఆడవాళ్లు మాత్రం కేక వెయ్యరు. ఎందుకని? ఇదీ ఆ సందేహం. ఇందుమతి గైడు ప్రొఫెసర్ మజ్జి త్రినాథరావు గారు డబ్బాలోకి తొంగి చూసి, బావుందన్నారు. ఒకసారి వేలు ముందుకు చాపి మళ్లీ వెనక్కి తీసుకున్నారు. అధ్యాపకుడిగా చేరినప్పుడు ఇచ్చిన సందేహాన్ని ప్రొఫెసర్ పదోన్నతి వచ్చిన రోజున అప్పజెప్పేయాలి. తరవాత దేన్నీ ముట్టుకోకూడదని నియమం.

ఇందుమతితో పాటు చేరిన తెంటు చక్రధర్ మంచివాడు, తనకి తెలిసింది నలుగురికీ చెప్పే మనిషి. తన సందేహాన్ని చేరిన నెలలోనే ఏఐకి చూపించి, దూది కూరించి, గ్రంథం ముగించి, ఉద్యోగంలో కూడా చేరిపోయాడు. అతను ఉదహరించిన పుస్తకాల్లో కొన్ని ప్రపంచంలో ఎక్కడా లేవు. లైబ్రరీవాళ్లు వాటి పేర్ల ఎదుట 'ఆర్డరు పెట్టాం, రావాలి' అని రాసుకున్నారు. అతనే ఒకరోజు స్వీట్ల డబ్బాతో వచ్చి, ఎందుకీ తిప్పలు, చూపించెయ్యి, చిటికెలో పని అని ఇందుమతికి సలహా ఇచ్చాడు.

ఆమె చూపించింది. అందరూ చేసేదే కదా అనుకుంది. టైపు చేయగానే జవాబు రావడం మొదలైంది. కొండప్రాంత సమాజాల్లో మౌనానికి సాంస్కృతికంగా ఉన్న విలువ, అంతర్గత సామరస్యం, పోటీని మించిన సహకారం. చదువుతుంటే నిజమేననిపించేలా ఉంది. ఒళ్లో సందేహం చెవులు వాల్చేసింది. కాలు పట్టుకుంటే చల్లగా తగిలింది.  ఇందుమతి గబుక్కున లాప్‌టాప్ మూసేసి, దాన్ని పమిట కొంగులో చుట్టి, వీపు రుద్దుతూ కూర్చుంది. చాలాసేపటికి అది ఒక కన్ను తెరిచింది.

మళ్లీ లాప్‌టాప్ తెరిచినప్పుడు ఆమె ప్రశ్న మార్చింది. జవాబు వద్దు, ఈ విషయంలో నీకు తెలియనిదేమిటో చెప్పు, నువ్వు చెప్పింది తప్పని తేలాలంటే ఏం కనబడాలో చెప్పు అని అడిగింది. ఏఐని అంతవరకూ ఎవరూ అలా అడిగినట్టు లేదు.

"నేను సంతకి వెళ్లలేదు. ఇందాక చెప్పినవి ఎవరెవరో రాసినవాటి నుంచి అల్లిన ఊహలు. చింతపండు అమ్మేవాళ్లు కేక వేసే సంత ఒక్కటి కనబడినా అవి నిలబడవు. అలాంటి సంత ఉందో లేదో నాకు తెలియదు. మీరు వెళ్లి చూడాలి" అంది.

సందేహం లేచి కూర్చుంది. ఆ ఐదు వాక్యాలనీ నమిలి నమిలి తిని, ఇంకా ఉందా అన్నట్టు తెర మీద ముట్టె పెట్టి వాసన చూసింది.

అప్పటి నుంచి ఇందుమతి ఏఐని పనిలో పెట్టుకుంది గానీ, పని అప్పజెప్పలేదు. ఇంగ్లీషు వ్యాసాలు అర్థం కాకపోతే విడమరచి చెప్పించుకునేది. తర్వాత మూలం తెరిచి పక్కన పెట్టుకుని చూసుకునేది. అది చెప్పిన పుస్తకం లైబ్రరీలో లేకపోతే, అది ప్రపంచంలోనే లేదేమోనని ముందు అనుమానించేది. తను రాసిన అధ్యాయం చూపించి ఎక్కడ తేలిపోతోందో చెప్పమనేది, తిరిగి రాయమనేది కాదు. సంతలో రికార్డు చేసిన మాటల్ని టైపు చేయిస్తే అది 'సెప్పు' అన్నచోట 'చెప్పండి' అని రాసేది, ముసలమ్మ పకపకా నవ్వినచోట బ్రాకెట్లో 'విచారంగా' అని పెట్టేది. ఇందుమతి మళ్లీ చెవుల్లో పెట్టుకుని విని, నవ్వుని నవ్వుగా దిద్దుకునేది. ఆ ఆడవాళ్ల పేర్లు మాత్రం దానికి ఎప్పుడూ ఇవ్వలేదు. ఎక్కడ ఎంత వాడిందీ గ్రంథం చివర అనుబంధంగా రాసిపెట్టింది. ఎవరడిగారమ్మా ఇదంతా అని త్రినాథరావు గారు ఆశ్చర్యపోయారు. ఎవరూ అడగలేదండీ అందామె.

సంతలకి తిరగడం మొదలుపెట్టాక సందేహానికి కడుపు నిండా మేత దొరికింది. బూర్జగూడ సంతలో కొండగొర్రి చిలకమ్మ అనే ఆవిడ చింతపండు కుప్ప వెనక ఊరికే కూర్చుని ఉంది. ఇందుమతి వెళ్లి పక్కన చతికిలబడి అసలు విషయం అడిగింది.

"కేకేత్తే ఏటొస్తాదమ్మా? తొందరపడతంది, దీనికేదో అవసరముందని కొనీవోడు రేటు తగ్గించేస్తాడు" అంది చిలకమ్మ. తరవాత సందేహం చెవులు పట్టుకుని చూసి, "బానే మేపావు. ఇది కేకేస్తాదేటి?" అని అడిగింది.

ఆమె పక్కనావిడ ఈ మాట ఒప్పుకోలేదు. మా అత్త వెయ్యలేదు, నేనూ వెయ్యను, అంతేనంది. మూడో ఆవిడ అసలు తాము కేక వెయ్యమన్న సంగతే ఇప్పుడు వింటున్నానని నవ్వింది. మూడు సగం జవాబులు, ఒకదానికొకటి పొసగనివి. సందేహం ఒకదాని తరవాత ఒకటి లాగించేసి త్రేన్చింది.

ఆపై వారం మామిడివలస సంతకి వెళితే, గేటు దగ్గరే ఒకావిడ గొంతు చించుకుని చింతపండో చింతపండని కేకలు వేస్తోంది. ఇందుమతి నోరు వెళ్లబెట్టింది. అప్పటికి రాసిన రెండో అధ్యాయం నిలబడదని ఆమెకి అర్థమైంది. మామూలుగా ఏడవాల్సిన చోటు అది, కానీ ఆమెకి గంతులెయ్యాలనిపించింది. ఎందుకు కేకేస్తున్నావని అడిగితే, ఆవిడ కొనేవాళ్ల వైపు చూడనే లేదు. లోపల వరసలో కూర్చుని అమ్ముతున్న తన తోడికోడలి వైపు గెడ్డంతో చూపించి, దానికి వినబడాలని అంది.

తిరుగు ప్రయాణంలో, ఆర్టీసీ బస్సు ఘాట్ రోడ్డు దిగుతుండగా, సంచిలో సందేహం ఈనింది. పిల్ల గోధుమరంగులో ఉంది, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి. సంతలో కేకలు కొనేవాళ్ల కోసమా, పక్కన అమ్మేవాళ్ల కోసమా? ఇదీ ఆ పిల్ల. ఇందుమతి దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ఇంత సంతోషం తనకి ఎప్పుడు కలిగిందో గుర్తు తెచ్చుకోబోయి, గుర్తు రాక ఊరుకుంది. కండక్టరు తొంగి చూసి, చంటిపిల్లలకి టికెట్టు అక్కర్లేదన్నాడు.

మార్చి మూడో వారంలో ఆమె గ్రంథం ముగించి, తల్లినీ పిల్లనీ ఒకే డబ్బాలో పెట్టుకుని స్టోర్స్‌కి వెళ్లింది. సూపరింటెండెంట్ దువ్వు సత్యవతి గారు మూత తీసి చూసి కళ్లద్దాలు సవరించుకున్నారు. బతికున్న సందేహం వెనక్కి వచ్చి చాలా ఏళ్లయింది. దాన్ని ఎటు పట్టుకోవాలో కూడా ఆవిడ మరిచిపోయారు. సరే, అది పెద్ద అడ్డు కాదు, బతికుండటం నిబంధనకి విరుద్ధం కాదు. చిక్కంతా పిల్లతోనే వచ్చింది.

"ఇచ్చింది ఒకటి, తెచ్చింది రెండు. తగ్గితే రాసుకోడానికి దారుందమ్మా. ఎక్కువైతే లేదు" అన్నారు సత్యవతి గారు.

పోనీ పిల్లని తను ఉంచుకుంటానని ఇందుమతి అంది. కుదరదన్నారు. విశ్వవిద్యాలయం ఆస్తికి పుట్టింది కూడా విశ్వవిద్యాలయం ఆస్తే. బయటికి తీసుకెళ్తే దొంగతనం, లోపల పెడితే ఆడిట్ అభ్యంతరం. స్టాకు మించి ఉందంటే ఎక్కడో ఎవరి దగ్గరో తగ్గి ఉండాలని ఆడిటర్లు అంటారు, అప్పుడు బీరువాల్లో దూది సందేహాలన్నిటినీ దించి లెక్కపెట్టాలి. సత్యవతి గారు కసురుకోలేదు, విసుక్కోలేదు. పిల్ల సందేహానికి తన టిఫిన్ డబ్బాలోంచి రెండు అటుకులు కూడా పెట్టారు. నో డ్యూస్ మాత్రం ఇవ్వలేదు.

విషయం విని త్రినాథరావు గారు ఒక ఉపాయం చేశారు. ఫైలు తేలేదాకా పిల్ల తన దగ్గర ఉంటుందన్నారు. నియమం సంగతి ఆయనకి తెలుసు, ఇందుమతికీ తెలుసు. ఆయన దాన్ని అన్నం కేరేజీ సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లారు. నాలుగు రోజుల్లో మనిషి మారిపోయారు. నడక మారింది. గదిలో ఎన్నేళ్లుగానో మూసి ఉన్న కిటికీ తీయించారు. ఒక ఎమ్మే విద్యార్థి రాసిన కాగితం పట్టుకుని, నువ్వు ఇలా ఎందుకనుకున్నావోయ్ అని నిజంగా తెలుసుకోవాలని అడిగితే, అతను భయపడి సెలవు పెట్టేశాడు.

ఆ వారమే అకడమిక్ కౌన్సిల్ సమావేశం జరిగింది. గత ఏడాది ఇచ్చిన పీహెచ్‌డీల సంఖ్య చదివి అందరూ బల్లలు చరుస్తుండగా త్రినాథరావు గారు లేచి నిలబడ్డారు. "ఇవన్నీ ఎవరైనా చదివారా?" అని అడిగారు. వైస్‌ ఛాన్సలర్ మంచినీళ్లు అడిగారు. రిజిస్ట్రార్ కిందికి వంగి చూస్తే, ప్రొఫెసర్ గారి కుర్చీ కింద కేరేజీ సంచిలోంచి ఒక చెవి కనబడింది. అర్హత లేకుండా సందేహం కలిగి ఉన్నందుకు ఆయనకి మెమో ఇచ్చి, పిల్లని స్వాధీనం చేసుకున్నారు. ఆయన మెమో జేబులో పెట్టుకుని ఇందుమతి దగ్గరికి వచ్చి, నీ పని పాడుచేశానమ్మా అన్నారు. మొహంలో మాత్రం ఏమాత్రం పశ్చాత్తాపం లేదు. "నిలబడ్డాక గానీ తెలియలేదు. అడగడం ఎలా ఉంటుందో మరిచేపోయాను. ఎంత బావుందో" అన్నారు.

దీంతో వ్యవహారం ముగ్గురు సభ్యుల కమిటీకి వెళ్లింది. సభ్యులు మంచివాళ్లు, ఒకరి మీద ఒకరికి గౌరవం ఉన్నవాళ్లు. పదోన్నతి రాగానే అందరికంటే ముందు సందేహాలు అప్పజెప్పిన రికార్డు కూడా ఉంది. వాళ్లు ఇందుమతి గడువు పోకుండా చూడాలనే ఉద్దేశంతోనే త్వరగా తేల్చారు. అదనపు సందేహానికి కమిటీ సమక్షంలో ఏఐ చేత పూర్తి జవాబు చెప్పించాలి. తరవాత దూది కూరించి బల్ల మీద అలంకరణ వస్తువుగా చూపించవచ్చు. అలంకరణ వస్తువులకి స్టాకు లెక్క వర్తించదు. తల్లిని మామూలుగా జమ చేసుకుని నో డ్యూస్ ఇవ్వచ్చు.

గడువు రేపనగా ఇందుమతిని ఏఐ గదికి పిలిచారు. ఏసీ చల్లగా వేసి, టీ, ఉస్మానియా బిస్కట్లు పెట్టారు. స్వాధీనం చేసుకున్న పిల్లని ఆమె చేతికిస్తే, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది కొత్త చోటు చూసి ఉత్సాహపడి, నిలబడ్డ చెవిని వాల్చి, వాలిన చెవిని నిలబెట్టింది. కమిటీ అధ్యక్షురాలు ప్రశ్న టైపు చేశారు.

"దీనికి కచ్చితమైన జవాబు నాకు తెలియదు. దీని మీద జరిగిన పరిశోధన నా దృష్టికి రాలేదు. చాలా మంచి ప్రశ్న, ఎవరైనా వెళ్లి చూడాలి" అంది ఏఐ.

పిల్ల సందేహం అరంగుళం పెరిగింది. ఇందుమతికి ప్రాణం లేచొచ్చినట్టయింది. కమిటీ సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తెలియదని మినిట్స్‌లో ఎలా రాస్తామని ఒకాయన అన్నారు. రెండో ఆయనకి ఇలాంటివాటిలో అనుభవం ఉంది. అలా అడిగితే అది అలాగే అంటుందని చెప్పి, తెలియదనకుండా, ధీమాగా, ఐదు పాయింట్లలో జవాబు చెప్పు అని తనే టైపు కొట్టారు.

"రాయగలను. కానీ అది ఊహే అవుతుంది. నిజమని చెప్పుకోవడం సరికాదు. అయినా రాయమంటారా?" అని అడిగింది ఏఐ.

'అవును' అన్న మీట నొక్కాలి. ఆయన నొక్కబోయి ఆగారు. సర్క్యులర్ ప్రకారం బాధ్యత పరిశోధకుడిది కాబట్టి మీట పరిశోధకుడే నొక్కాలని గుర్తొచ్చింది. ముగ్గురూ ఎంతో మర్యాదగా ఇందుమతి వైపు తిరిగారు. కీబోర్డు ఆమె దగ్గరికి జరిపారు.

గదిలో ఆ జవాబు అందరికంటే వద్దనుకుంటున్నది ఆ యంత్రమేనని ఇందుమతికి అనిపించింది. లేచి వెళ్లిపోదామనుకుంది. కిటికీ అద్దం అవతల మామిడిచెట్టుకి పిందెలు వేలాడుతున్నాయి, వేసవి వచ్చేసింది. ప్రతి వేసవిలోనూ కాలేజీ వాళ్లు ఆమె చేతి నుంచి హాజరు పట్టీ తీసుకుని, అవసరమైతే కబురు చేస్తాం మేడమ్ అంటారు. ఆ మాట ఇంకోసారి వినలేననుకుంది. పిల్ల ఆమె బొటనవేలు కొరుకుతోంది, కరవడం కాదు, ఆడుకోవడం. ఆమె రెండో చేత్తో మీట నొక్కింది.

ఐదు పాయింట్లు చక్కగా వచ్చాయి. రెండో పాయింటుకి పిల్ల బొటనవేలు వదిలేసింది. నాలుగోదానికి ఆ వంకర చెవులు రెండూ సమానంగా వాలాయి. ఇందుమతి వెక్కి వెక్కి ఏడ్చింది. తను చేసింది తప్పేనని ఆమెకి తెలుసు, ఆ మాట పైకే అంది కూడా. కమిటీ సభ్యులు ఆమె ఏడుపు పూర్తయ్యేదాకా ఓపిగ్గా ఆగి, ఆ తరవాతే సంతకాలు పెట్టారు. అధ్యక్షురాలు తన రుమాలు ఇచ్చారు, తిరిగి ఇవ్వక్కర్లేదన్నారు.

మిగతాదంతా సాఫీగా నడిచింది. వైవా జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు గ్రంథాన్ని మెచ్చుకుంటూ, అనుబంధం మాత్రం తీసేయమని సలహా ఇచ్చారు. ఏఐని ఎక్కడెక్కడ ఎలా వాడారో మీరు ఇంత వివరంగా రాస్తే, రాయనివాళ్ల పరిస్థితి ఏమిటమ్మా అని అడిగారు. ఇందుమతి తీసేసింది. తరవాత గుత్తివంకాయ కూర, ఆవడలతో భోజనాలయ్యాయి. త్రినాథరావు గారు పెరుగన్నం దగ్గర ఏదో అడగబోయి, ఏమడగాలో గుర్తురాక, ఇంకో ఆవడ వేయించుకున్నారు.

తల్లి సందేహాన్ని సత్యవతి గారు బల్ల కింద పెట్టుకుని కొన్నాళ్లు చూసుకున్నారు. ఆ కొన్నాళ్లూ స్టోర్స్‌లో సుద్దముక్కల పెట్టెకి ఇండెంటు పెట్టినా, ఎందుకని ఆవిడ ఆసక్తిగా అడగడంతో ఫిర్యాదులు వచ్చాయి. కొత్త విద్యా సంవత్సరం నుంచి పరిశోధకులకి చేరిన రోజునే దూది కూరిన సందేహం ఇవ్వాలని నిర్ణయించారు. మేత బాధ లేదు, పోతుందన్న భయం లేదు, ఐదేళ్లు అల్మరాలో ఉంచి అలాగే తిరిగి ఇచ్చేయచ్చు. కొత్తగా చేరినవాళ్లు చాలా సంతోషించారు. సత్యవతి గారికి బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ ఆవిడ చేతిలో ఒక చెప్పుల డబ్బా ఉందని వాచ్‌మన్ చూశాడు గానీ, చెప్పులే అనుకుని వదిలేశాడు.

జూన్‌లో ఇందుమతి రెగ్యులర్ పోస్టులో చేరింది. ఏసీ గదిలో వచ్చిన ఐదు పాయింట్లు కమిటీ మినిట్స్ నుంచి ఎవరి చేతుల మీదుగానో పాఠ్య ప్రణాళికా సంఘానికి వెళ్లి, బీఏ రెండో సంవత్సరం మూడో యూనిట్‌లో చేరాయి. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న. ఆమె వాటిని బోర్డు మీద రాసింది. పిల్లలు తలలు వంచుకుని శ్రద్ధగా ఎక్కించుకున్నారు. ఒకరిద్దరు కింద గీతలు కూడా గీసుకున్నారు.

రాయడం అయ్యాక ఆమె చేతులు దులుపుకుని క్లాసు వైపు తిరిగింది.

"సందేహాలేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

"లేవు మేడమ్" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

ఇందుమతి అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపే అలా నిలబడింది. వెనక బెంచీల దాకా ఒక్కొక్కరి మొహం చూసింది. ఎవరి సంచీ కదల్లేదు. అప్పుడామె హాజరు తీసుకుని, గంట కొట్టకముందే క్లాసు వదిలేసింది. పిల్లలు సంతోషంగా వెళ్లిపోయారు. ఆమెకీ హాయిగానే అనిపించింది.